గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్: తొలి దాఖలా కలకత్తాలో

చదరంగంలో గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్‌గా ప్రసిద్ధి పొందిన ప్రారంభానికి ఆ పేరు ఆస్ట్రియా ఆటగాడు ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ వల్ల వచ్చింది. తరువాతి కాలంలో ప్రపంచ విజేత అయిన అలెఖైన్‌ను ఆయన 1922లో వియన్నాలో ఈ వ్యూహంతోనే ఓడించారు. అయితే అవే ఎత్తులు అంతకు 67 ఏళ్ల ముందే, 1855 మే నెలలో కలకత్తాలో జరిగిన ఒక ఆటలో కనిపిస్తాయి.

 తెల్లపావులతో ఆడిన జాన్ కాక్రేన్ స్కాట్లాండుకు చెందిన బారిస్టర్. నల్లపావులతో ఆడిన మహేశచంద్ర బెనర్జీ బెంగాలీ బ్రాహ్మణుడు. వారి మధ్య జరిగిన వందలాది ఆటలు లిఖిత రూపంలో నిలిచాయి.

నాటి భారతీయ సంప్రదాయ చదరంగంలో బంటు తొలి ఎత్తులోనూ ఒక గడే కదిలేది. అందువల్ల రాజు పక్కనున్న బంటును ఒక గడి జరిపి, ఆ సందులో బిషప్‌ను నిలిపి, కోటను నిదానంగా కట్టుకోవడం ఇక్కడి ఆటగాళ్లకు అలవాటైన పద్ధతి. ఐరోపాలో దానిని చాలాకాలం విచిత్రంగానే చూశారు.

బెనర్జీ ఆ రోజు మొదట గుర్రాన్ని ఎఫ్6కు, తరువాత బంటును జి6కు నడిపారు. మూడో ఎత్తులో మాత్రం బంటును నేరుగా డి5కు తోశారు. గ్రున్‌ఫెల్డ్ వ్యూహానికి ప్రాణం ఇదే. బల్ల మధ్యభాగాన్ని తెల్లబంట్లకు వదిలిపెట్టి, ఆపై జి7లోని బిషప్‌తోనూ సి5కు నడిపే బంటుతోనూ దానిని దెబ్బతీయడం దీని ఉద్దేశం. బెనర్జీ ఆ రెండూ చేశారు.

అయినా ఆట ఆయన చేజారింది. ఆ తప్పు ప్రారంభానిది కాదు. 18వ ఎత్తులో ఎదుటి రాణిపై గురిపెట్టి గుర్రాన్ని ఎ5కు పంపిన ఆయన, తన రాజుకు పొంచి ఉన్న ముప్పును గమనించలేదు. కాక్రేన్ గుర్రంతో జోడు షా చెప్పి, రాణిని బలిచ్చి, సొంత పావుల మధ్యే ఇరుక్కున్న నల్లరాజుకు 21వ ఎత్తులో ఆటకట్టు చెప్పగలిగే స్థితి ఏర్పడింది.

1848లో ఇదే ప్రత్యర్థిపై కాక్రేన్ ప్రయోగించిన గుర్రం బలి నేటికీ కాక్రేన్ గాంబిట్‌గానే చలామణిలో ఉంది. ప్రసిద్ధ ప్రారంభం దేనికీ బెనర్జీ పేరు దక్కలేదు. కింగ్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్ వంటి పేర్లలో ఆయన దేశం పేరు మాత్రం మిగిలింది.