జీపు వచ్చింది, సైడ్‌కార్ పోయింది: యుద్ధానికి వెళ్లిన మూడు చక్రాల బైకులు

షోలే సినిమాలో అమితాబ్, ధర్మేంద్ర పాట పాడుకుంటూ పోయే బైక్ గుర్తుందా? పక్కన తొట్టిలాంటి సీటు, దానికో చక్రం. ఆ సినిమా ఎక్కువగా తీసింది రామనగరలో. కుప్పం నుంచి బెంగళూరు దాటి కొంచెం ముందుకు పోతే వచ్చేస్తుంది. ఆ బండి పేరు బీఎస్ఏ ఎం20. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం ఇవి 1,20,000కు పైగా తయారయ్యాయి. అంటే జై, వీరూ సరదాగా తిరిగింది మిలిటరీ మోడల్ మీద!

మరి సైన్యానికి సైడ్‌కార్ ఎందుకు? బైక్ నడిపేవాడి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి. గన్ ఎవరు పేల్చాలి? అందుకే పక్కన ఇంకో మనిషి, ఆయనకో సీటు, ముందర మెషిన్ గన్.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు చేసింది ఇదే. క్లైనో కంపెనీ సైడ్‌కార్ బండ్ల మీద వికర్స్ మెషిన్ గన్ బిగించారు. కొన్ని బండ్లు గన్ మోస్తే, కొన్ని తూటాలు మోసేవి. ఐడియా సూపర్. కానీ సైనికులు కందకాల్లో కూర్చుని కొట్టుకునే యుద్ధంలో స్పీడ్ దేనికి పనికొస్తుంది? 1916లో ఆ మనుషుల్లో చాలామందిని కొత్తగా వచ్చిన ట్యాంకుల మీదికి పంపేశారు.

రెండో యుద్ధంలో జర్మన్లు దీన్ని ఇంకో లెవెల్‌కి తీసుకుపోయారు. బీఎండబ్ల్యూ ఆర్75 చూడండి. 26 హార్స్ పవర్, బరువు 400 కిలోల పైనే. సైడ్‌కార్ చక్రానికి కూడా ఇంజిన్ పవర్ వెళ్తుంది, డిఫరెన్షియల్ లాక్ ఉంది, రివర్స్ గేర్ ఉంది. ఇంజనీర్‌గా చూస్తే అద్భుతం. కానీ రష్యా బురదలో అద్భుతాలు కూడా కూరుకుపోయాయి. పైగా తొట్టి అంటే ఉత్త పల్చటి రేకు. తూటా వస్తే ఆపదు. సినిమాల్లో స్టైల్‌గా కనిపించే ఆ సీటులో కూర్చున్నోడికి అడ్డంగా ఏమీ లేదు.

రష్యా వాళ్లు ఏం చేశారు? బీఎండబ్ల్యూ ఆర్71 డిజైన్ తీసుకుని ఎం-72 తయారు చేశారు. 1941లో జర్మన్లు మాస్కో వైపు వస్తుంటే, ఫ్యాక్టరీని ఉరల్ కొండల దగ్గర ఇర్బిట్‌కి తరలించేశారు. ఈ రోజుకీ అమ్ముతున్న ఉరల్ సైడ్‌కార్ బైక్ ఆ వంశమే.

సైడ్‌కార్‌ని యుద్ధంలోంచి పంపేసింది ఇంకో బైక్ కాదు, జీపు. యుద్ధం అయ్యేలోపు అమెరికా 6 లక్షలకు పైగా జీపులు దింపింది. నాలుగు చక్రాలకూ పవర్, నలుగురు మనుషులు, గన్, సామాను, అన్నీ ఒకే బండిలో. కారు నడపడం వచ్చినోడికి చాలు. సైడ్‌కార్ నడపడం వేరే విద్య. మన దగ్గర తొట్టి ఎడమ వైపు ఉంటుంది. స్పీడ్‌గా ఎడమకి తిప్పితే తొట్టి గాల్లోకి లేస్తుంది. యాక్సిలరేటర్ ఇస్తే బండి ఎడమకి లాగుతుంది, బ్రేక్ వేస్తే కుడికి. బైక్ వంచినట్టు వంచడం కుదరదు, హ్యాండిల్‌తో తిప్పాల్సిందే.

కానీ రెండు చక్రాల బైక్ బతికింది, ఎందుకంటే దాని పని వేరే. కబురు మోయడం, సన్న దారిలో గస్తీ. 1950ల్లో మన ఆర్మీ బుల్లెట్ 350 తీసుకుంది ఆ పనికే. 1955లో మద్రాస్ పక్కన తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. సోమల, పుంగనూరు రోడ్ల మీద డుగ్‌డుగ్ అంటూ పోయే బుల్లెట్ చరిత్ర అక్కడి నుంచే.

ఒక్క మాట. రీల్స్ చూసి బుల్లెట్‌కి సైడ్‌కార్ తగిలించాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఆర్‌సీలో లేని మార్పు చట్టం ఒప్పుకోదు. అనుమతి వచ్చినా, ఖాళీ మైదానంలో ఎడమ మలుపు ప్రాక్టీస్ చేశాకే రోడ్డెక్కండి. మన ఘాట్ రోడ్డు మలుపులు ట్రైనింగ్ గ్రౌండ్ కాదు.

మీ ఊళ్లో ఆర్మీలో చేసి వచ్చిన తాతలుంటే, ఏ బండి నడిపారో ఒకసారి అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!