సద్దన్నంతో నడిచే బండి

పొద్దున్నే ఆరు గంటల వేళ రఘునాథపల్లిలో రోడ్డు పక్కన కాసేపు నిలబడండి. ఇంతకు ముందు వరంగల్ జిల్లాలోను, 2016 నుండి జనగామ జిల్లాలోను ఉన్న ఈ ఊరి మీదుగా హైదరాబాదు–వరంగల్ రహదారి పోతుంది. పక్కనే రైలు పట్టాలు. లారీలు, బస్సులు, కార్లు హోరుమంటూ సాగిపోతుంటాయి. వాటి మధ్య రోడ్డు అంచున ఒక సైకిల్ వస్తుంది. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, వెనుక క్యారియర్ మీద తాపీ, తూకపు గుండు ఉన్న గోనె సంచీ. పనికి పోతున్న మేస్త్రీ ఆయన.

ఆయన పని పది కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను పది, రాను పది. రోజుకు ఇరవై కిలోమీటర్లు తొక్కి, మధ్యలో ఎనిమిది గంటలు ఇటుకలు పేర్చి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇదే దూరం నడవమంటే రానుపోను నాలుగు గంటలు పడుతుంది. ఇక పని చేయడానికి ఓపిక ఎక్కడిది? సైకిల్ మీద నలభై నిమిషాల్లో పని దగ్గరికి చేరుతున్నాడు, చేరి వెంటనే తాపీ అందుకుంటున్నాడు.

సైకిల్‌లో ఇంజను లేదు, పెట్రోలు లేదు. తొక్కే మనిషి బలం తప్ప దానికి వేరే బలం లేదు. నడిచినా అవే కాళ్ళు, తొక్కినా అవే కాళ్ళు. మరి ఇంత తేడా ఎలా వచ్చింది?

నడకలో ఎక్కడ నష్టం?

మీరు నడుస్తున్నప్పుడు ఒక మిత్రుణ్ణి పక్కనుండి గమనించమనండి. అడుగడుగునా మీ తల కొంచెం పైకి లేచి, కిందికి దిగుతూ ఉంటుంది. అంటే ప్రతి అడుగులోనూ మీ శరీరాన్ని మీరే కొద్దిగా పైకెత్తుతున్నారు. అది దిగేటప్పుడు ఆ శక్తి అంతా తిరిగి మీకు అందదు. పైగా ముందుకు వేసిన కాలు నేలను తాకగానే కొంచెం బ్రేకు వేసినట్లవుతుంది. మళ్ళీ తోసుకోవాలి. వీటికి తోడు నిలబడిన శరీరం బరువును కండరాలు మోస్తూనే ఉండాలి.

సైకిల్ మీద ఈ కష్టాలు చాలావరకు లేవు. బరువును సీటు మోస్తుంది. చదునైన రోడ్డు మీద తల పైకీ కిందికీ ఊగదు. తొడ కండరాలు, శరీరంలోకెల్లా బలమైన కండరాలు, కేవలం ముందుకు నడిపే పని మాత్రమే చేస్తాయి. అందుకే ఒక కిలోమీటరు సైకిల్ తొక్కడానికి పట్టే శక్తి, అదే కిలోమీటరు నడవడానికి పట్టే శక్తిలో నాలుగో వంతో, అయిదో వంతో ఉంటుంది.

చైను చేసే ఉపకారం

సైకిల్ పుట్టిన కొత్తలో దానికి పెడళ్ళే లేవు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రయిస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్య బండి చేశాడు. దాని మీద కూర్చుని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి! 1860 తరువాత పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు బిగించారు. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒకే చుట్టు తిరుగుతుంది. వేగంగా పోవాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప మార్గం లేదు. అందుకే 1870 ప్రాంతంలో మనిషి భుజం ఎత్తు ముందు చక్రంతో సైకిళ్ళు వచ్చాయి. వాటి మీదనుండి పడితే తల పగలవలసిందే.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన 'రోవర్' సైకిల్ ఈ చిక్కును విడదీసింది. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు. పెడళ్ళు మధ్యలో. వాటినుండి వెనుక చక్రానికి చైను. మేస్త్రీ తొక్కే సైకిల్‌కూ ఇదే పోలిక.

ఒక చిన్న లెక్క చేద్దాం. ముందున్న పెద్ద పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 48 ÷ 18, అంటే సుమారు 2.67 చుట్లు తిరుగుతుంది. పెద్దవాళ్ళు తొక్కే మామూలు సైకిల్ చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కనుక ఒక్క తొక్కుడు చుట్టుకు బండి 5.9 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే నిమిషానికి 250 మీటర్లు పోవాలి. దానికి పెడల్ నిమిషానికి 43 సార్లు తిరిగితే చాలు. చైను లేకుండా పెడల్ నేరుగా ఈ చక్రానికే ఉంటే నిమిషానికి 114 సార్లు తిప్పవలసి వచ్చేది!

అడ్డు తగిలే మూడు బలాలు

చదును రోడ్డు మీద మేస్త్రీని వెనక్కి లాగేవి ముఖ్యంగా రెండు. ఒకటి టైరుకూ రోడ్డుకూ మధ్య కలిగే నిరోధం. రెండోది గాలి. మనిషీ, సైకిలూ కలిసి 80 కిలోల బరువు, వేగం గంటకు 15 కిలోమీటర్లు అనుకుంటే, మామూలు సైకిల్ మీద ఈ రెండూ ఒక్కొక్కటి ఇంచుమించు 6 న్యూటన్లు ఉంటాయి. మొత్తం 12 న్యూటన్లు. ఆ వేగం సెకనుకు 4.2 మీటర్లు. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుందని మీరు చదువుకున్నారు గదా! అది 50 వాట్లు. మన ఇళ్ళలో తిరిగే మామూలు సీలింగు ఫ్యాను ఇంతకంటే ఎక్కువే తీసుకుంటుంది.

మన కండరాలు ఆహారంలోని శక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు. మిగిలినది వేడిగా పోతుంది. తొక్కేవాడికి చెమట పట్టేది అందుకే. ఆ నష్టం కలుపుకున్నా పది కిలోమీటర్లకు కావలసినది సుమారు 115 కిలోకేలరీలు. అది ఇంచుమించు వంద గ్రాముల వండిన అన్నంలో ఉండే శక్తి. పొద్దున తిన్న సద్దన్నంలో చిన్న గిన్నెడు ఆయనను పని దగ్గరికి చేర్చిందన్నమాట. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే మోటారు సైకిల్ అదే దూరానికి సుమారు 1,600 కిలోకేలరీల పెట్రోలును కాలుస్తుంది. దాదాపు పద్నాలుగు రెట్లు!

ఇప్పుడు ఎదురుగాలి వీచిందనుకోండి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వస్తే మేస్త్రీకి తగిలే గాలి వేగం 15 కాదు, 25. అప్పుడు 6 న్యూటన్లు ఉన్నది 17 న్యూటన్లవుతుంది. అదే వేగంతో పోవాలంటే ఇంచుమించు రెట్టింపు శ్రమ. తెలివైనవాడు వేగం తగ్గించుకుంటాడు, హ్యాండిల్ మీదికి కొంచెం వంగుతాడు.

మూడోది ఎత్తు. యాభై మీటర్ల దూరంలో ఒక్క మీటరు ఎత్తు పెరిగే రోడ్డు కంటికి ఎత్తుగానే కనిపించదు. కాని కాళ్ళకు తెలుస్తుంది. ఆ వాలు మీద 80 కిలోల బరువు మరో 16 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతుంది. చదునులో ఉన్న మొత్తం నిరోధం కంటే ఇది ఎక్కువ! పాలక్యానులు కట్టుకున్నవాళ్ళు ఎత్తు రాగానే దిగి నెట్టుకుంటూ పోవడం మీరు చూసే ఉంటారు. అది చేతగానితనం కాదు. తక్కువ వేగంతో ఎక్కితే ఒక్కో సెకనుకు పట్టే శ్రమ తగ్గుతుంది.

గాలి నింపిన టైరు

గాలి టైరు రాకముందు సైకిల్ టైరు గట్టి రబ్బరు పట్టీ మాత్రమే. 1887–88లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి నింపిన టైరు తయారు చేశాడు. గుంతలు వచ్చినప్పుడు బండి మొత్తం ఎగిరిపడకుండా టైరు మాత్రమే లోపలికి అణిగి, మళ్ళీ పొంగుతుంది.

అయితే టైరు అణిగి పొంగిన ప్రతిసారీ కొంత శక్తి రబ్బరులో వేడిగా పోతుంది. గాలి తక్కువైతే ఎక్కువగా అణుగుతుంది, ఎక్కువ శక్తి పోతుంది. రెండు రూపాయలు మిగులుతాయని గాలి కొట్టించకుండా తొక్కేవాడు ఆ ఖర్చును తన కాళ్ళతో కడుతున్నాడు. ఎండిపోయి కిర్రుమనే చైనుకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఎండలో నిలిపితే గాలి వ్యాకోచించి ట్యూబు పగులుతుందంటారు. లెక్క వేసి చూద్దాం. ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుండి 57 డిగ్రీలకు పెరిగిందనుకోండి. పరమ ఉష్ణోగ్రతలో చెప్పాలంటే 300 నుండి 330కి. అంటే లోపలి పీడనం పదో వంతు పెరుగుతుంది. మంచి టైరు దీన్ని సులువుగా తట్టుకుంటుంది. అరిగిపోయిన టైరుకూ, వేడికి జిగురు మెత్తబడే పాత అతుకుకూ మాత్రం ప్రమాదమే. తప్పు ఎండది కాదు, అరిగిన టైరుది.

చీకటి పడ్డాక

ఇంతవరకు చెప్పుకున్నది శ్రమ గూర్చి. ఇప్పుడు ప్రాణం గూర్చి చెప్పుకోవాలి.

చలికాలంలో మేస్త్రీ ఇంటిదారి పట్టేసరికి చీకటి పడుతుంది. వెనుకనుండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో లారీ వస్తోంది. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుంది. ఆ తరువాత బండి ఆగడానికి మరో 28 మీటర్లయినా కావాలి. మొత్తం 45 మీటర్లు. ముదురు రంగు చొక్కా వేసుకుని, దీపం లేకుండా పోతున్న మనిషి హెడ్‌లైటు వెలుగులో ముప్పై మీటర్ల దగ్గరికి వస్తేగాని కనిపించకపోవచ్చు. ముప్పై ఎక్కడ, నలభై అయిదు ఎక్కడ! ఈ పదిహేను మీటర్ల లోటులోనే ఎన్నో ఇళ్ళ దీపాలు ఆరిపోయాయి.

మడ్‌గార్డు మీది చిన్న ఎర్ర బిళ్ళ ఈ లోటును పూడుస్తుంది. దాని లోపల ఘనం మూలల వంటి చిన్న చిన్న ముఖాలు వందలు ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు ఏ దిక్కునుండి వచ్చిందో ఆ దిక్కుకే తిరిగి పోతుంది. లారీ వెలుగు లారీ డ్రైవరు కంటికే చేరుతుంది. వంద మీటర్ల పైనుండే బిళ్ళ మెరుస్తుంది. బురద పట్టిన బిళ్ళ మాత్రం మెరవదు. దాన్ని రోజూ తుడవాలి.

మరొక మాట. రహదారి మధ్య గోడ కట్టాక, చుట్టు తిరగలేక ఎదురు వైపున వచ్చేవాళ్ళున్నారు. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ వెనుకనుండి వస్తే 15 తీసివేయగా 45 కిలోమీటర్ల వేగంతో మిమ్మల్ని సమీపిస్తుంది. ఎదురుగా వస్తే రెండు వేగాలూ కలిసి 75 అవుతుంది. వంద మీటర్ల దూరం మొదటి సందర్భంలో ఎనిమిది సెకన్లలో, రెండో సందర్భంలో అయిదు సెకన్లలోపే కరిగిపోతుంది. ఎడమ పక్కనే పోవడం మేలు.

జాగ్రత్తంతా తొక్కేవాడే పడాలా? కాదు. నెదర్లాండ్స్‌లో 1970ల నాటికి కార్లు పెరిగి, రోడ్ల మీద ఎందరో పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగారు. 1973లో చమురు కొరత కూడా వచ్చింది. క్రమంగా ఆ దేశం సైకిళ్ళకు వేరే దారులు వేసింది. ఇప్పుడు అక్కడ మనుషులకంటే సైకిళ్ళే ఎక్కువ. ఉద్యోగులు, అధికారులు కూడా వాటి మీదే పనికి పోతారు.

మన దగ్గర సైకిల్ అంటే లేనివాడి బండి అన్న చిన్నచూపు ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1952లో రాజ్యసభకు ఎన్నికై ఢిల్లీ వెళ్ళినప్పుడు పార్లమెంటుకు సైకిల్ మీదే వెళ్ళేవారు. తరువాత శాసనసభకూ అలాగే వెళ్ళారు. ఆయన గౌరవానికి లోటేమీ రాలేదు.

మీరే చేసి చూడండి

1. మీ ఇంటి సైకిల్ ముందు, వెనుక పళ్ళు లెక్కపెట్టండి. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, నేల మీద ఒక చుట్టు దొర్లించి చుట్టుకొలత కొలవండి. పెడల్ ఒక చుట్టుకు బండి ఎంత దూరం పోవాలో లెక్కకట్టి, తరువాత నిజంగా కొలిచి సరిచూడండి.

2. బడి ఆటస్థలంలో ఒక గీత గీయండి. ఒకే వేగంతో వచ్చి గీత దగ్గర తొక్కడం ఆపేయండి. బండి ఎంత దూరం పోయి ఆగిందో చూడండి. టైర్లలో కొంచెం గాలి తగ్గించి మళ్ళీ చేయండి. తేడాను రాసుకోండి.

3. రాత్రి మీ నాన్నగారి సైకిల్‌ను యాభై అడుగుల దూరంలో నిలిపి, టార్చిలైటును మీ కంటి పక్కన పెట్టుకుని ఎర్ర బిళ్ళ మీద వేయండి. తరువాత టార్చిని మిత్రుడికిచ్చి పది అడుగులు పక్కకు జరిగి వేయమనండి. బిళ్ళ మీకు ఎప్పుడు మెరిసింది? ఎందుకు?

మూడో ప్రయోగంలో బిళ్ళ అసలు లేదని తేలితే, ఆ వ్రాతపని అక్కడే ఆపేయండి. రేపు పొద్దున ఆయన పనికి బయలుదేరేలోగా ఒక బిళ్ళ తెచ్చి బిగించండి.