ప్రదర్శనమునందలి అంగడి - అతిథి మర్యాద

మా పాఠశాలకు పిల్లలను పంపు కుటుంబములలో పెక్కింటికి మగ్గమే జీవనాధారము. తెలంగాణమునుండి వచ్చి షోలాపురమున స్థిరపడిన పద్మశాలీల శ్రమవలన ఈ పట్టణపు దుప్పట్లకును, తువాళ్లకును దేశమంతట పేరు వచ్చినది. సంక్రాంతి దినములలో సిద్ధేశ్వరుని జాతరయందును, ఇతర నగరములలో జరుగు ప్రదర్శనములయందును మనవారు అంగళ్లు పెట్టుచుందురు. సెలవులలో పిల్లలును అచట నిలువబడుదురు. కావున అంగడికి వచ్చినవారిని ఎట్లు ఆదరింపవలెనో తలిదండ్రులకు విన్నవింపదలచితిమి.

బజారులోని దుకాణమునకును ప్రదర్శనమునందలి అంగడికిని భేదము కలదు. దుకాణమునకు వచ్చువారు చాలవరకు కొనదలచియే వత్తురు. ప్రదర్శనమునకు వచ్చువారు మొదట చూడ వత్తురు. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునందు వస్తువులపై వెలలు వ్రాయుటకే అనుమతి లేకుండెను. అయినను ఐదున్నర నెలలలో దానిని చూచినవారి లెక్క 60 లక్షలు. హైదరాబాదులో 1938లో ఆరంభమై నేటికిని నాంపల్లిలో జరుగుచున్న ప్రదర్శనమునకును జనులు ఇల్లిల్లు కదలి వేడుక చూడబోవుదురు. కొనుట తరువాతి మాట. “ఊరకే చూచిపోవుటకు వచ్చినారు” అని విసుగుకొనువాడు ప్రదర్శనమన నేమో ఎరుగనివాడు. నేడు చూచిపోయినవారే రేపు పెండ్లి పెట్టుబడులకు పది దుప్పట్లు కావలెనని వెదకికొని రావచ్చును.

అంగడి ముందు బల్ల అడ్డముగా వేసి, దాని వెనుక కూర్చుండి ఫోను చూచుకొనువానిని ఎవ్వరును పలుకరింపరు. బల్లను ప్రక్కకు జరిపి లోనికి దారి ఇయ్యవలెను. వచ్చినవారిని చిరునవ్వుతో పలుకరించి, కొంతసేపు వారి కంటికి విడిచిపెట్టవలెను. వెంటనే “ఏమి కావలెను?” అని నిలదీసినచో “ఏమియు వద్దు” అని వెడలిపోవుదురు. “ఎవరికొరకు చూచుచున్నారు?” అని అడిగినచో మాట సాగును. దుప్పటి మడత విప్పి వారి చేతికే ఇయ్యవలెను. నేతలోని మంచిచెడ్డలు చేతికి తెలిసినట్లు చెవికి తెలియవు. వృద్ధులకు ఒక కుర్చీ, అందరికిని మంచినీరు సిద్ధముగా నుండవలెను. ఉదయమునుండి రాత్రివరకు ఒక్కరే నిలిచినచో అలసట మాటలో కనబడును. కనుక ఇరువురు వంతులు వేసికొనుట మంచిది.

మరియొక సంగతి మనబోటి వారికి ముఖ్యమైనది. షోలాపురమున మరాఠీ, కన్నడము, తెలుగు కలసి వినబడును. ఎదుట అతిథి నిలువబడి యుండగా మనలో మనము తెలుగున గుసగుసలాడుకొన్నచో, వెల పెంచుటకో, తమ్ము ఎగతాళి చేయుటకో అని వారు శంకింతురు. వారికి తెలుగు తెలిసియే యుండవచ్చును కూడ. అతిథి ఎదుట అతని భాషలో మాటలాడుట మన భాషను విడుచుట కాదు. ఇంట తెలుగు, బడిలో తెలుగు, అంగడిలో అతిథి భాష: ఇది మన పిల్లలకు బరువు కాదు, బలము. అంగడి పలకపై వెలలను మరాఠీతోబాటు తెలుగునను వ్రాసినచో రెండు భాషలవారును సంతోషింతురు.

మర్యాదకు ప్రాణము సత్యము. “ఇది చేనేతయా, మరమగ్గపు నేతయా?” అని అడిగినచో ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. మొదటి ఉతుకులో రంగు కొంత దిగునదైనచో ముందే హెచ్చరింపవలెను. షోలాపూరు దుప్పటియు, తువాలును భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదైనవి. 1999లో చేయబడిన ఆ చట్టము 2003 సెప్టెంబరు 15వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. వేరొకచోట నేసిన సరుకునకు ఈ ఊరి పేరు తగిలించి అమ్మువారు ఉన్నారని మనవారు వగచుచుందురు. అట్టి సరుకును మనమే మన బల్లపై ఉంచి అమ్మినచో ఆ నమోదు మనలను ఎట్లు కాపాడును? ఒక్క అబద్ధము ఒక్క అంగడితో పోదు, ఊరినే అంటును.

అంగడియందు ఒక నోటుపుస్తకము ఉంచవలెను. అడిగిన రంగు, కొలత లేనప్పుడు అతిథి సమ్మతితో పేరును, చిరునామాను వ్రాసికొని, సరుకు సిద్ధమైన వారములోపల తెలియజేయవలెను. తెలియజేయలేనిచో మాట ఇయ్యనేకూడదు. ఏమియు కొనక వెడలువారిని సైతము “మరల రండు” అని సాగనంపవలెను. నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్దలు ఊరకే అనలేదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. ఈమారు అంగడి పెట్టినప్పుడు, చదువు చెడనంతవరకు, ఒక గంటసేపు మీ బిడ్డను ప్రక్కన నిలుపుడు. లెక్క కట్టనిండు, చిల్లర ఇయ్యనిండు, మూడు భాషలలో స్వాగతము చెప్పనిండు. మేము తరగతిలో నేర్పు గణితమునకును, భాషకును అక్కడ పని దొరకును. తండ్రి పరాయివారితో ఎట్లు మాటలాడునో బిడ్డ చూచుచుండును. ఆ పాఠము మేము నేర్పగలిగినది కాదు; మీరే నేర్పవలెను.