వంగవలసిన చోట, వంగరాని చోట

ఎండకు ఉక్కు వ్యాకోచిస్తుంది. కనుకనే వంతెన కట్టేవారు దాని భాగాల నడుమ కొంత ఖాళీ విడిచిపెడతారు. పునాదిని మాత్రం కదలనివ్వరు. షరీఅత్‌లోని వెసులుబాటును, అంటే రుఖ్సత్‌ను, బోధించేటప్పుడు మేము విద్యార్థులకు ఈ ఉదాహరణే చెబుతుంటాము.

మొలల వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నమాజు గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) నిలబడి చేయమనీ, వీలుకాకుంటే కూర్చొని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి చేయమనీ సెలవిచ్చారు. భంగిమ మారింది, నమాజు నిలిచింది. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. నీరు హాని చేసే రోగికి తయమ్ముమ్ చాలు. ఇక ఉపవాసం విషయంలో అల్ బఖరా సూరా 184, 185 ఆయతులు రోగికీ, ప్రయాణికునికీ వేరే దినాలలో పూర్తిచేసుకొనే అనుమతినిచ్చాయి. నయమయ్యే ఆశ లేనివారికి ఫిద్యా ఉన్నది.

మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? చక్కెర వ్యాధి ముదిరిన తల్లి, వైద్యుడు వారించినా, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగతో రోజా విడువదు. ఆమెకు ఫిద్యా సంగతి విడమరచి చెప్పే కుమారుడు అరుదు. ఆ కుమారుడే తండ్రి ఆస్తి పంపకం నాడు 'సర్దుబాటు' కోరుతాడు! చెల్లెలి పెళ్లికి ఖర్చుపెట్టాము కదా, తను అడగదులే అంటాడు. అన్ నిసా సూరా 7వ ఆయతు ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీల వాటాను విధిగా నిర్ణయించింది. పెళ్లి ఖర్చు దానికి బదులు కాదు. వాటా చేతికి అందిన తరువాత ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే అది వేరు. అందకముందే మొహమాటపెట్టి పలికించిన 'వద్దులే' అన్న మాటతో ఆమె వారసత్వ హక్కు రద్దు కాదని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు స్పష్టం చేశారు.