సంఘం రసీదు వేరు, బోర్డు కార్డు వేరు

“అక్కా, సంఘంలో చేరితే ఏమొచ్చిద్ది?” రాజుపాలెం సెంటర్లో పొద్దున్నే పనికి బయల్దేరే కొత్త కుర్రాళ్ళు ముందు అడిగేది ఇదే. సంఘం కార్డు చూపిస్తే సెల్ ఫోన్ తక్కువకి ఇస్తారని ఒకడికి ఎవరో చెప్పారట. ఇంకొకడు ఇంటి స్థలం వస్తుందనుకున్నాడు. ఆశపడటంలో తప్పేం లేదు. నెలనెలా చందా కడుతున్నప్పుడు ఏమొస్తుందో అడగాలి, చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్పాలి.

నేను బేల్దారి కూలీని. మా ఆయన రాడ్ బెండింగ్ చేస్తాడు. పిడుగురాళ్ళ, సత్తెనపల్లి, నరసరావుపేట, ఎటు స్లాబు పడితే అటు మా ముఠా వెళ్తుంది. పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి ముఠా హాజరు పుస్తకం, సంఘం చందా పుస్తకం రెండూ నా దగ్గరే ఉంటాయి. ఎవరికి అర్జీ రాయాలన్నా రాత్రి అన్నాలయ్యాక మా వరండాలోకి వస్తారు. అలా రాసి రాసి నాకు తెలిసిన సంగతులే ఇవి.

మా వాళ్ళలో ఎక్కువమంది పొరబడేది రెండు కాగితాల దగ్గర. సంఘం రసీదు ఒకటి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు, అంటే మనం లేబర్ కార్డు అనేది ఇంకొకటి. సంఘం మనది. చందా మనది, పెత్తనం మనది. బోర్డు ప్రభుత్వానిది. సంఘానికి పదేళ్ళు చందా కట్టినా బోర్డులో పేరు దానంతటది ఎక్కదు.

బోర్డు డబ్బు ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. అది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 1996లో పార్లమెంటు భవన నిర్మాణ కార్మికుల కోసం రెండు చట్టాలు చేసింది. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి సెస్సు వసూలు చేసి, ఆ డబ్బు కార్మికుల కోసమే ఖర్చుపెట్టాలని వాటి సారాంశం. ప్రమాద సాయం, అరవై దాటాక పింఛను, పెద్ద జబ్బులకు వైద్యం ఖర్చు, పిల్లల చదువు, ఆడవాళ్ళకు కాన్పు సాయం, ఇల్లు కట్టుకోవడానికి అప్పు, ఇవన్నీ బోర్డు చేయాల్సిన పనులుగా ఆ చట్టాల్లోనే రాశారు. వయసు 18 నుంచి 60 లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు కట్టుబడి పని చేసి ఉంటే పేరు రాయించుకోవచ్చు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చి పాత చట్టాలు వాటిలో కలిశాయి. ఈ వయసు, ఈ 90 రోజుల లెక్క మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ డబ్బు కార్మికులకు చేరుతోందా అని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆరా తీసింది. దేశం మొత్తం మీద వసూలైంది 37,400 కోట్ల పైన, ఖర్చయింది 9,500 కోట్లు అని తీర్పులోనే రాసింది. సంఘం తరగతిలో ఈ అంకెలు విన్న రోజు నాకు నిద్రపట్టలేదు. ఆ మిగిలిన డబ్బులో మా ముఠా పోసిన స్లాబుల సెస్సు కూడా ఉంటుంది.

కార్డు ఉంటే సరిపోదు, ఆ కార్డు బతికి ఉండాలి. ఏడాదికి తగ్గకుండా వరసగా బోర్డు చందా కట్టకపోతే లబ్ధిదారు కాకుండా పోతాడని 1996 చట్టం 17వ సెక్షన్ చెప్పింది. సరైన కారణం చూపి బాకీ కడితే తిరిగి చేర్చుకోవచ్చని కూడా అందులోనే ఉండేది. అది మనిషి బతికుండగా చేసుకోవాల్సిన పని. మాతో పనికి వచ్చే సెంట్రింగ్ పనివాడు ఒకాయన పైఅంతస్తు నుంచి పడి చనిపోయాడు. దినాలయ్యాక ఆయన భార్య ఒక పాలిథిన్ కవరు పట్టుకొచ్చింది. ఏళ్ళ తరబడి కట్టిన సంఘం రసీదులు, ఒక్కటి కూడా పోకుండా దాచింది. బోర్డు కార్డూ ఉంది, కానీ దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆమెకి రెండూ ఒకటే అనిపించాయి. చదువుకున్నవాళ్ళకైనా అలాగే అనిపిస్తుంది.

అప్పటికే పెద్దమనుషులు కూర్చుని కాంట్రాక్టరు చేత కొంత ఇప్పించేందుకు మాట్లాడుతున్నారు. కాగితం మీద వేలిముద్ర వేస్తే అయిపోతుందన్నారు. ఈ చోట నేను కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో కుటుంబాలు బాగా నష్టపోయేది ఇక్కడే. పనిలో మనిషి పోతే పని ఇచ్చినవాడు నష్టపరిహారం కట్టాలని 1923 నాటి చట్టం ఉంది. ఇప్పుడది సామాజిక భద్రతా స్మృతిలోకి చేరింది. బోర్డు కార్డు ఉన్నా లేకపోయినా, సంఘంలో ఉన్నా లేకపోయినా ఇది వర్తిస్తుంది. లెక్క ఎలాగంటే, నెల కూలీలో సగం తీసుకుని, చనిపోయినవారి వయసుకు పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. కూలీ ఎంత ఎక్కువున్నా లెక్కలోకి తీసుకునేది నెలకు 15,000 వరకే అని 2020 జనవరిలో ఖరారు చేశారు. నలభై ఏళ్ళ మనిషికి పట్టికలో అంకె 184.17. పదిహేను వేలలో సగం 7,500. గుణిస్తే 13,81,275 రూపాయలు.

నేను ఈ గుణకారం ఆమె ముందే పుస్తకంలో వేసి చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పెద్దమనుషులు అన్న మొత్తం దీని దరిదాపుల్లో లేదు.

ఇంకొకటి కూడా చట్టంలో ఉంది. చావుకి సంబంధించిన పరిహారం కాంట్రాక్టరు నేరుగా చేతికి ఇస్తే అది పరిహారం ఇచ్చినట్టు కాదు. కార్మిక శాఖలో ఈ కేసులు చూసే అధికారి దగ్గర జమచేయాలి. అత్యవసరానికి అడ్వాన్సుగా ఇచ్చేది కొంతవరకు మినహాయింపు, అంతే. అర్జీ వేయడానికి రెండేళ్ళ గడువుంటుంది. వేలిముద్ర వేసేశాం, ఇక ఏం లేదనుకుని ఊరుకునే కుటుంబాలు ఈ మాట తెలుసుకోవాలి. ఆమె అర్జీ వేసింది. విచారణ నడుస్తోంది. ఆ రోజు పనిలో ఉన్నాడని నిరూపించడానికి మా హాజరు పుస్తకం పనికొచ్చింది. సంఘం వల్ల ఏమొచ్చిద్ది అన్న కుర్రాడికి నేను చెప్పే జవాబుల్లో మొదటిది ఈ హాజరు పుస్తకమే.

రాయితీల సంగతికి వస్తాను. అమెరికాలో పెద్ద కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐవో 1986లో ఇందుకోసమే ఒక సంస్థ పెట్టి సభ్యులకు బీమా, అప్పులు, కొనుగోళ్ళలో తగ్గింపులు ఇప్పిస్తోంది. మనకు దగ్గరి ఉదాహరణ పుణే. అక్కడ హమాలీల కోసం డాక్టర్ బాబా ఆఢావ్ హమాల్ పంచాయత్ అనే సంఘం కట్టారు. బస్తాలు మోసేవాళ్ళు హోటల్ తిండికి కూలీ పోగొట్టుకుంటున్నారని 1974లో సంఘమే ‘కష్టాచీ భాకర్’ పేరుతో భోజనశాల తెరిచింది. లాభం చూసుకోకుండా రొట్టె, కూర పెట్టారు. అది ఊరంతా శాఖలు వేసింది. సంఘం సభ్యులే కాదు, పనికి వచ్చిన ఏ కూలీ అయినా తిన్నాడు. మహారాష్ట్రలో హమాలీలకు 1969లోనే మాథాడీ చట్టం వచ్చింది. వ్యాపారులు కూలీ మీద అదనంగా కొంత బోర్డుకి కడితే అందులోంచే పీఎఫ్, బోనస్, వైద్యం అందుతాయి. గుంటూరు మిర్చి యార్డులో ఘాటుకి తుమ్ముతూ టిక్కీలు మోసే మనవాళ్ళను తలుచుకుంటే అలాంటిది ఇక్కడెందుకు లేదా అని బాధేస్తుంది.

మా సంఘం అంత పెద్దది కాదు. అయినా పదిమంది కలిసి అడిగితే ధర దిగుతుంది. పక్క పట్నంలో ఒక ల్యాబ్ ఆయన మా సభ్యులకు రక్తపరీక్షల మీద నూటికి ఇరవై తగ్గించడానికి ఒప్పుకున్నాడు. కళ్ళద్దాలు, రబ్బరు చేతితొడుగులు టోకున తెచ్చి కొన్న ధరకే ఇస్తున్నాం. బీపీ, షుగర్ బిళ్ళలకు జన ఔషధి దుకాణానికి వెళ్ళమంటున్నాం. అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది. ఇవి చిన్నవే. సంఘం నిధిని సభ్యుల జబ్బుకి, ముసలితనానికి, ప్రమాదానికి, చావు ఖర్చుకి, పిల్లల చదువుకి వాడుకోవచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే రాసిపెట్టారు. 2001లో సవరించినప్పుడు పల్లెటూరి కూలీకి ఏడాది చందా కనీసం ఒక్క రూపాయి అన్నారు. పేదవాడు చందాకి భయపడి సంఘానికి దూరం కాకూడదనే అంత తక్కువ పెట్టారని నాకు అనిపిస్తుంది.

బీమా ఇంకా చవక. ప్రధానమంత్రి సురక్ష బీమాకి ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో పోతే రెండు లక్షలు వస్తాయి. ఆ ఇరవై మే నెలాఖరులో బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అవుతుంది. ఖాతాలో లేకపోతే బీమా ఆగిపోతుంది. మే మూడో వారంలో నేను ముఠా అందరి చేతా ఖాతాలు చూపించుకుంటాను. విసుక్కుంటారు, ఫర్వాలేదు.

ఒంటి సంగతి చెప్పకుండా ఉండలేను. పిడుగురాళ్ళ చుట్టూ సున్నం బట్టీలు, ముగ్గు మిల్లులు. మా బంధువులు సగంమంది అక్కడే. కాల్చిన సున్నం కంట్లో పడితే క్షణం కూడా ఆలస్యం చేయకూడదు. వెంటనే ధారగా మంచినీళ్ళు పోస్తూ కడుగుతూనే ఉండాలి. ఆ తర్వాతే ఆసుపత్రి ప్రయాణం. కడగకుండా ఆటో కోసం పరిగెత్తితే దారిలోనే చూపు దెబ్బతింటుంది. ఒంటి మీద పడితే ముందు పొడి దులిపి, తర్వాత కడగాలి. తడి సిమెంటు కూడా తక్కువది కాదు. కాళ్ళకి బూట్లు లేకుండా స్లాబులో నిలబడితే సాయంత్రానికి వేళ్ళ సందుల్ని తినేస్తుంది.

ఒళ్ళు నొప్పుల పేరుతో మొదలైన తాగుడు మా వీధుల్లో ఎన్ని ఇళ్ళను పీల్చేసిందో నేను లెక్కపెట్టలేను. తాగేవాణ్ణి తిట్టడం తేలిక. మోకాళ్ళు అరిగిపోయి, అప్పులు పెరిగి, రాత్రి నిద్ర రాని మనిషి బాధ ఎవరికి చెప్పుకుంటాడు? మనసులో బాధ చెప్పుకోవడానికి 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మా చందా రసీదు వెనక రబ్బరు స్టాంపు వేయించాను. మొదట నవ్వినవాళ్ళలో ఒకాయన తర్వాత ఒంటరిగా వచ్చి ఆ నంబరు ఎలా చేయాలో అడిగి వెళ్ళాడు.

సున్నపురాయి గనుల్లో పనిచేసేవాళ్ళకి ఇంకొక హక్కు ఉంది, చాలామందికి తెలీదు. వాళ్ళ కోసం 1972లోనే వేరే సంక్షేమ నిధి చట్టం చేశారు. ఆ నిధికి వచ్చే సెస్సు ఆగిపోయినా, కేంద్ర కార్మిక శాఖ వాళ్ళ పిల్లలకు ఒకటో తరగతి నుంచి వృత్తి విద్య దాకా ఏడాదికి 1,000 నుంచి 25,000 వరకు చదువు సాయం ఇస్తోంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. క్వారీలో పనిచేస్తున్నట్టు కాగితం అడుగుతారు. ఆ కాగితం క్వారీ యజమాని ఇవ్వనంటే అక్కడ సంఘం వెళ్ళి నిలబడాలి.

నాకు ఇప్పుడు ఎక్కువ దిగులుగా ఉన్నది ఆడవాళ్ళ కార్డుల గురించి. మా పనిలో మొగుడూ పెళ్ళాం జంటగా వెళ్తారు. మేస్త్రి జంటకి ఇంత అని లెక్కగట్టి డబ్బు మగవాడి చేతిలో పెడతాడు. 90 రోజుల కాగితం మీద కూడా అతని పేరే రాసి సంతకం పెడతాడు. అలా తట్ట మోసిన మనిషికి పని చేసినట్టు ఎక్కడా రాత ఉండదు. కాన్పు సాయం సభ్యురాలిగా ఆమెకి రావాల్సింది, కార్డు లేకపోతే ఎలా వస్తుంది? అందుకే ఈ మధ్య నేను హాజరు పుస్తకంలో జంట అని రాయడం మానేశాను. ఎవరి పేరు వాళ్ళదే, ఎవరి గీత వాళ్ళదే. మా ముఠా మేస్త్రి మొదట్లో గొణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

మరొక గండం కొత్త స్మృతితో వచ్చింది. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇల్లు యాభై లక్షలు దాటకపోతే అది భవన నిర్మాణ పని లెక్కలోకి రాదంటున్నారు. ఇదివరకు ఆ హద్దు పది లక్షలు. రాజుపాలెం మండలంలో యాభై లక్షల ఇళ్ళు ఎన్నుంటాయి? మేము ఎక్కువగా కట్టేది ఆ లోపు ఇళ్ళే. వాటి మీద సెస్సు రాకపోతే బోర్డుకి డబ్బు తగ్గుతుంది. వాటిలో చేసిన రోజులు 90 రోజుల్లో లెక్కకు వస్తాయా రావా అన్నది మాకు రాతపూర్వకంగా చెప్పాలని సంఘం తరఫున అర్జీ రాశాను. సంతకాలు పెట్టిస్తున్నాం. ఆడవాళ్ళ సంతకాలు ముందు వరసలో పెట్టిస్తున్నాను.