ఇంటిపేరు మారుతుంది, కులం మారదు

టీచరు పోస్టుకో సచివాలయం పోస్టుకో ఎంపికైన పెళ్లయిన అమ్మాయిని సర్టిఫికెట్ల పరిశీలనలో ఆపే మాట ఒకటుంది: "కుల ధ్రువీకరణ పత్రంలో నాన్న పేరుంది, ఆధార్‌లో భర్త పేరుంది. కొత్తది తెచ్చుకోండి." కడప జిల్లా జమ్మలమడుగులో పుట్టి, కర్నూలు జిల్లా ఆదోనిలో కాపురముంటున్న మాదిగ అమ్మాయి ఉందనుకుందాం. మెట్టినింటి మండలంలో "మీ ఊర్లోనే తీసుకో పో" అంటారు. పుట్టినింటి మండలానికి పోతే "నీ రేషన్ కార్డు ఇక్కడ లేదు కదా" అంటారు. రెండు రోజుల కూలి పోతుంది, కాగితం రాదు. పరిశీలన తేదీ మాత్రం ఆగదు.

నిజానికి ఈ విషయంలో నిబంధన తేటగానే ఉంది. కులం పుట్టుకతో వచ్చేది. 1975 మే 2న కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ రెండు సంగతులు చెప్పింది. ఎస్సీ కాని మనిషి ఎస్సీని పెళ్లాడినంత మాత్రాన ఎస్సీ కారు. ఎస్సీగా పుట్టిన మనిషి ఎవరిని పెళ్లాడినా ఎస్సీగానే ఉంటారు.

మొదటి సంగతి కోర్టులకు చాలాసార్లు వెళ్లింది. 1996లో వల్సమ్మ పాల్ కేసులో, 2018లో సునీతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. సునీతా సింగ్ అగర్వాల్ కుటుంబంలో పుట్టి జాటవ్ కులస్తుణ్ణి పెళ్లాడారు. ఎస్సీ పత్రంతో కేంద్రీయ విద్యాలయంలో 21 ఏళ్లు పనిచేశాక ఆ పత్రం రద్దయింది. రద్దును కోర్టు సమర్థించింది, సుదీర్ఘ సర్వీసును చూసి తొలగింపును నిర్బంధ పదవీ విరమణగా మార్చింది. మా దృష్టిలో ఇది న్యాయమే. వెలివాడలో పుట్టి పెరిగిన అనుభవం పెళ్లితో రాదు.

అదే లెక్కన ఆ అనుభవం పెళ్లితో పోదు కూడా. ఆఫీసుల్లో మరిచిపోయేది ఈ రెండో సంగతినే. భర్త రెడ్డి అయినా, బీసీ అయినా ఆమె పత్రం చెల్లుతుంది. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఎస్సీల 15 శాతం కోటా మూడు గ్రూపులైంది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. మాల ఇంటికి కోడలైన మాదిగ అమ్మాయి తన పుట్టుక ప్రకారం మాదిగల గ్రూపులోనే ఉంటుంది. బీసీ అమ్మాయిల క్రీమీలేయర్‌కు కూడా చూడాల్సింది తల్లిదండ్రుల స్థితినే, భర్త జీతాన్ని కాదు. ఈడబ్ల్యూఎస్ పత్రానికి మాత్రం భర్త ఆదాయం కూడా కలుస్తుంది. ఆ లెక్కను ఇక్కడికి తెచ్చి గందరగోళం చేసేవాళ్లూ ఉన్నారు.

ఒక్క చోట మాత్రం పెళ్లి నిజంగానే దెబ్బతీస్తుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లావే. ఈనాటికీ ఆ పక్కనుంచి ఈ పక్కకు కోడళ్లు వస్తూనే ఉన్నారు. అయితే ఎస్సీ హోదా రాష్ట్రానికి కట్టుబడి ఉంటుంది. పంజాబ్‌లో వాల్మీకిగా పుట్టి ఉత్తరాఖండ్‌కు కోడలిగా వచ్చిన మహిళకు, అక్కడ కూడా ఆ కులం ఎస్సీ జాబితాలో ఉన్నా, రిజర్వేషన్ వర్తించదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బళ్లారి నుంచి వచ్చిన మాదిగ కోడలు ఆంధ్ర కోటాలో పోటీ పడలేదు. కర్ణాటక పత్రంతో కేంద్ర ఉద్యోగాలకు వెళ్లవచ్చు. ఒకే కులం, ఒకే వెలి. హగరి దాటితే హక్కు మాయం. ఇది మాకు మింగుడుపడదు, కానీ తెలియక దరఖాస్తు చేసి తర్వాత నష్టపోవడం అంతకన్నా ఘోరం.

రాష్ట్రంలోనే పుట్టినవాళ్లు పుట్టినింటి కాగితాలు దగ్గర పెట్టుకోండి: నాన్నదో అన్నదమ్ములదో కుల పత్రం, పదో తరగతి మెమో, కులం రాసిన స్కూలు టీసీ, పేరు తేడాకు పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం. 1993 నాటి కుల పత్రాల చట్టం ప్రకారం రుజువు చేసుకునే భారం మనమీదే ఉంది. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. దరఖాస్తుకు రసీదు తీసుకోండి. కాదంటే, ఎందుకు కాదో రాసి ఇమ్మనండి. అప్పీలుకు పోవాలంటే ఆ కాగితమే కావాలి.