అద్దె ఇల్లు, సొంత ఇల్లు, వన్ ఆఫ్ సెవెంటీ

ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే మన కుర్రాళ్ళను చుట్టపక్కాలు రెండు ప్రశ్నలు అడుగుతారు. పెళ్ళెప్పుడనేది ఒకటి, ఇల్లెప్పుడనేది రెండోది. మొదటిదాని గురించి చెప్పే అర్హత నాకు లేదు. రెండోదాని గురించి నాలుగు మాటలు రాయమని సంచికవారు అడిగారు గనుక, ఈ కళాశాల పాత విద్యార్థిగానూ, చాలాకాలంగా బ్యాంకులో ఇంటి అప్పుల కాగితాలు తిరగేస్తున్నవాడిగానూ రాస్తున్నాను. మనవాళ్ళలో చాలామందికి మొదటి పోస్టింగు కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, భద్రాచలం వైపు పడుతుంది. హైదరాబాదులో చెప్పే జవాబు అక్కడ చెల్లదు.

ముందు ఖమ్మం పట్టణం లెక్క చూద్దాం. 30 లక్షల ఇల్లు అనుకోండి. చేతి డబ్బు 5 లక్షలు, అప్పు 25 లక్షలు. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్ళు. నెల వాయిదా 22,493 రూపాయలు వస్తుంది. మొదటి నెల కట్టిన దాంట్లో 18,750 వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది 3,743. అలా అయిదేళ్ళు ఒక్క నెల తప్పకుండా కడితే మొత్తం సుమారు 13 లక్షల 50 వేలు కట్టినట్టు. మరి బాకీ ఎంత తగ్గింది? 2 లక్షల 82 వేలు. ఇంకా 22 లక్షల 18 వేలు అలాగే ఉంటుంది. ఈ మాట చెబితే నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళు ఒకసారి కాదు, రెండుసార్లు లెక్క వేయించుకుంటారు. మోసమేమీ లేదు, పెద్ద బాకీ మీద వడ్డీ ముందే ఎక్కువ పడుతుంది, అంతే. దీనికి తోడు తెలంగాణలో 2021లో పెంచిన ప్రకారం స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే మరో 2 లక్షల 25 వేలు.

అదే ఇంటికి నెలకు 9 వేలు అద్దె అనుకుంటే అయిదేళ్ళకు 5 లక్షల 40 వేలు. "అద్దె డబ్బు నీళ్ళపాలు గదా" అంటారు పెద్దలు. మరి ఆ అయిదేళ్ళలో కట్టిన 10 లక్షల 67 వేల వడ్డీ ఎవరి పాలో ఎవరూ అడగరు! కూడి తీసేసి చూస్తే, అయిదేళ్ళలో ఇంటి ధర ఏడున్నర లక్షలు, అంటే నాలుగోవంతు పెరిగితేగాని కొన్నవాడు అద్దెవాడితో సమానం కాడు. ఆస్తి పన్ను, రిపేర్లు, చేతి డబ్బు మీద పోయే వడ్డీ ఇందులో కలపనే లేదు. పది పదిహేనేళ్ళు అదే ఊళ్ళో ఉంటానన్న నమ్మకం ఉంటే కొనడం మంచిదే. మూడేళ్ళకో బదిలీ ఉండే ఉద్యోగికి మాత్రం తొందర పనికిరాదని నా అభిప్రాయం.

ఇక ఏజెన్సీ సంగతి. అక్కడ వడ్డీ లెక్కకంటే ముందు చట్టం వస్తుంది. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధనను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. దాన్ని 1970లో సవరించారు. జనం నోట "వన్ ఆఫ్ సెవెంటీ" అనేది దీన్నే. షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని, అమ్మేవాడు ఎవరైనా సరే, షెడ్యూల్డు తెగల వ్యక్తికో, అచ్చంగా వారే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప బదిలీ చేయకూడదన్నది దీని సారం. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. చాలామంది పొరబడేది ఇక్కడే. "ఆయన షావుకారు, నేను మాష్టార్ని, మా మధ్య ఆదివాసీ ఎక్కడున్నాడు?" అంటారు. ఉన్నాడనే చట్టం భావిస్తుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినట్టే లెక్క. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తాకట్టు, కౌలు కూడా. బ్యాంకు తాకట్టుకు తరువాత సడలింపు ఇచ్చారు గాని, బాకీ తీరకపోతే ఆ ఆస్తిని ఆదివాసీలకే అమ్మాలి. ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తేల్చింది. 1997 నాటి సమత తీర్పుతో ప్రభుత్వం చేతిలోని భూములకు కూడా ఇదే సూత్రం వర్తించింది.

ఇంత కఠినం ఎందుకని అడిగే మిత్రులకు ఒక మాట. గోదావరి ఏజెన్సీలో గిరిజనుల భూమిని కాపాడే చట్టం మద్రాసు ప్రభుత్వం 1917లోనే చేసింది. భద్రాచలం అప్పుడు ఆ రాష్ట్రంలో ఉండేది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. చట్టాలు వచ్చాయి, భూములు మాత్రం పోతూనే వచ్చాయి. అప్పు ఇచ్చి, పంట రాసుకుని, చివరికి చేను రాసుకోవడం మైదానపు వ్యాపారికి పెద్ద విద్య కాదు. అక్షరం రాని కోయ రైతుకు ఆ కాగితంలో ఏముందో తెలిసేది కాదు. మనకు మొదటి జీతంతో ఇల్లు కొనుక్కోవాలన్న సరదా తీరకపోవడం ఒక నష్టమే. దాన్ని ఈ నష్టం పక్కన పెట్టి చూస్తే నాకు ఫిర్యాదు చేయబుద్ధి కాదు.

కానీ సందు ఉన్నచోట దళారి ఉంటాడు. ఏజెన్సీ ఊళ్ళలో "తెల్ల కాగితం" బేరాలు నడుస్తాయి. ఒక యువ ఉద్యోగి నా దగ్గరికి నోటరీ చేయించిన ఒప్పందం పట్టుకొచ్చాడు.

"సార్, నోటరీ ఉంది గదా, లోను ఇయ్యరాదా?"

"బాబూ, నోటరీ సంతకానికి సాక్ష్యం చెప్తాడు, హక్కుకు కాదు."

అప్పటికే ఆరు లక్షలు ఇచ్చేశాడు. అమ్మినవాడు ఒప్పందం ప్రకారం తిరిగి ఇవ్వననలేదు, ఇస్తాననీ అనలేదు. చెల్లని ఒప్పందాన్ని పట్టుకుని కోర్టుకెక్కితే ఏం లాభం? పైగా అలాంటి బదిలీ మీద ఏజెన్సీ అధికారులు తమంతట తామే విచారణ చేపట్టి, ఖాళీ చేయించి, ఆస్తిని అసలు హక్కుదారుకు అప్పగించవచ్చు.

మన పాఠకుల్లో కోయ, లంబాడా విద్యార్థులున్నారు. వారికి చట్టం అడ్డు లేదు, కొనుక్కోవచ్చు. అయితే ఉద్యోగం రాగానే దళారులు వారి ఇంటి చుట్టూ కూడా తిరుగుతారు, ఇల్లమ్మడానికి కాదు, పేరు అడగడానికి. "కాగితం మీద నువ్వు, డబ్బు మాది" అనే ఆ బేరం 1988 నాటి బేనామీ చట్టం కిందికి వస్తుంది. 2016లో దాన్ని ఇంకా గట్టి చేశారు. పేరిచ్చినవాడికి కూడా శిక్ష తప్పదు.

ఏది ఏజెన్సీ, ఏది కాదు అన్నది బస్సు కిటికీలోంచి చూసి చెప్పలేం. అడవి మొదలైనచోట ఏజెన్సీ మొదలవదు. ఖమ్మం పట్టణం బయట ఉంది. పాల్వంచ, ఇల్లందు వైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో గ్రామం గ్రామంగా పేర్లున్నాయి. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ జాబితాలో రెవెన్యూ గ్రామం పేరు చూసుకోవాలి. భద్రాచలంలో ఇంకో చిత్రం. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు పట్టణం తెలంగాణలో మిగిలింది, ఆనుకున్న ఎటపాక అటు పోయింది. సాయంత్రం నడకకు పోతే రాష్ట్రం దాటతాం. ఈ నిబంధన మాత్రం రెండువైపులా ఉంది.

సారపాక కాగితపు మిల్లు, సింగరేణి, అశ్వాపురం భారజల కర్మాగారం వంటివాటిలో చేరినవారికి క్వార్టర్సు దొరికితే ఇబ్బంది లేదు. ఉద్యోగంతో పాటే అదీ పోతుందన్నది గుర్తుంచుకుని పక్కన డబ్బు వేసుకోవాలి. మిగతావాళ్ళు భద్రాచలంలో అద్దెకుండి, స్థిరపడదలచినప్పుడు ఖమ్మంలోనో సొంత ఊళ్ళోనో కొనుక్కోవడం నాకు తెలిసిన దారి.

అద్దె ఇల్లు చూసేటప్పుడు నీళ్ళ కుళాయి, గాలీ వెలుతురూ అందరూ అడుగుతారు. భద్రాచలంలో ఇంకొకటి అడగాలి: 1986లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? ఆ ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ముసలి ఇంటివారైతే గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. ఆ చెయ్యి మీ నడుముకంటే పైన ఉంటే, అద్దె రెండు వందలు ఎక్కువైనా మేడ మీది వాటా తీసుకోండి.